రిపోర్టులో ‘ఆక్సీకరణ ఒత్తిడి’ అని రాసి మూడు నెలల పొట్లాలు ఇచ్చారు. కొనాలా?

ఆటోనగర్_33

పెళ్లయి నాలుగేళ్లయింది. పిల్లలు లేరు. ఈ నాలుగేళ్లలో నా భార్యకు థైరాయిడ్ పరీక్ష రెండుసార్లు, గర్భాశయ నాళాల పరీక్ష ఒకసారి, స్కానింగులు లెక్కలేనన్ని చేయించాం. అన్నీ బాగానే ఉన్నాయన్నారు. నాకు కూడా ఒక వీర్య పరీక్ష చేయించాలని ఎవరైనా అన్నది పోయిన నెలలోనే.

రిపోర్టు ఇది. పరిమాణం 2.1 మి.లీ. మిల్లీలీటరుకు 3.4 కోట్ల కణాలు. ముందుకు సాగే కణాలు 14 శాతం, మొత్తం కదిలేవి 27 శాతం. సరైన ఆకారం 3 శాతం. డీఎన్‌ఏ తునిగిన కణాలు 38 శాతం.

డాక్టరు గారు అది చూసి, “సంఖ్యకు లోటు లేదు, కదలికే లేదు. ఆక్సీకరణ ఒత్తిడి వల్ల మైటోకాండ్రియా దెబ్బతిని ఉంటాయి” అన్నారు. అయిదు నిమిషాల్లో బయటికి వచ్చేశాం. కౌంటరులో నెలకు 4,200 రూపాయల పొడి పొట్లాలు, మూడు నెలలకు సరిపడా కట్టి పెట్టారు. ఒక నెలవే తీసుకుని వచ్చాను.

నేను ఆటోనగర్‌లో లారీల కమాను కట్టలు చేసే షెడ్డులో పనిచేస్తాను. ఆక్సిజన్ లేకపోతే మనిషి బతకడు కదా, అది ఒత్తిడి ఎలా అవుతుంది? ఈ పొట్లాలు నిజంగా పనిచేస్తాయా? తెలిసినవారు కాస్త అర్థమయ్యేలా చెప్పండి. ఇంట్లో అమ్మకు ఇంకా ఏమీ చెప్పలేదు.

పటమట_బావ

మందులు మానకండి. నేను మూడు నెలలు వాడాను, కదలిక 18 నుంచి 36కు పెరిగింది. ఇప్పుడు మా పాపకు ఏడాదిన్నర.

బ్రాడీపేట_మాస్టారు

గుంటూరులో ఇరవై రెండేళ్లు జీవరసాయనం పాఠం చెప్పి రిటైరయ్యాను. మందుల సంగతి తెలిసినవారు చెబుతారు. మీ మొదటి ప్రశ్నకు నేను జవాబిస్తాను, ఎందుకంటే అది చాలా మంచి ప్రశ్న.

మీరు ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రం చూసే ఉంటారు. బొగ్గు కాలిస్తే కరెంటు వస్తుంది, దాంతోపాటు బూడిద కూడా వస్తుంది. బూడిద రాకుండా బొగ్గు కాల్చడం ఎవరి వల్లా కాదు. అందుకే ఆ బూడిదను ఎప్పటికప్పుడు తోడేసే ఏర్పాటు అక్కడే ఉంటుంది. మన కణాల్లో శక్తి పుట్టించే చిన్న భాగాలే మైటోకాండ్రియా. వాటి కథ కూడా అదే. మనం తిన్న తిండిలోంచి వచ్చే ఎలక్ట్రాన్లను అవి వరుసగా ఒక మెట్టు నుంచి మరో మెట్టుకు దించుతూ, ఆఖరి మెట్టు దగ్గర ఆక్సిజన్‌కు అప్పగిస్తాయి. అక్కడ నీరు తయారవుతుంది. ఈ దిగుడులో వచ్చిన శక్తితో ఏటీపీ, అంటే కణం ఖర్చు పెట్టుకునే ఇంధనం, తయారవుతుంది. అయితే కొన్ని ఎలక్ట్రాన్లు మధ్య మెట్ల దగ్గరే జారిపోయి ఆక్సిజన్‌కు తగులుకుంటాయి. అలా పుట్టేది సూపరాక్సైడ్. అదే బూడిద. మన కణాల్లోని ఎంజైములు దాన్ని ముందు హైడ్రోజన్ పెరాక్సైడ్‌గా, తర్వాత నీరుగా మార్చేస్తాయి. పుట్టే బూడిద తోడే బూడిద కంటే ఎక్కువైతే, దానికే ఆక్సీకరణ ఒత్తిడి అని పేరు.

ఏటీపీ పేరు వచ్చింది కాబట్టి చెప్పకుండా ఉండలేను. దాన్ని 1929లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి వేరుచేసి చూపినది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. అదే ఏడాది జర్మనీలో లోమన్ కూడా విడిగా కనుగొన్నారు. మీ వీర్యకణం తోక ఆడించడానికి ఖర్చు పెట్టేది ఆ పదార్థాన్నే.

ఇక వీర్యకణం ప్రత్యేకత. తలలో డీఎన్‌ఏ, వెనుక తోక, ఆ రెంటి మధ్య మెడ దగ్గర సుమారు 50 నుంచి 75 మైటోకాండ్రియా తాడు చుట్టినట్టు చుట్టుకుని ఉంటాయి. వేగంగా ఈదడం కోసం ఆ కణం తనలోని ద్రవ్యాన్ని దాదాపు అంతా వదిలేసి వస్తుంది. బరువు తగ్గాలని మంటలార్పే సిలిండరుతో సహా సామానంతా దించేసిన లారీ అనుకోండి. బూడిద తోడే ఎంజైములు కూడా ఆ ద్రవ్యంతోనే పోతాయి. పైగా దాని పొర మెత్తగా వంగడానికి వీలుగా త్వరగా ఆక్సీకరణ చెందే కొవ్వులతో, ముఖ్యంగా డీహెచ్‌ఏతో నిండి ఉంటుంది. వేరుశనగ నూనె నిలవ ఉంటే ముక్కిపోయిన వాసన వస్తుందే, సరిగ్గా ఆ రసాయన చర్యే ఆ పొరలో జరుగుతుంది. పొర బిరుసెక్కితే తోక ఆడదు.

ఇది కొత్తగా పుట్టిన మాట కూడా కాదు. ఎక్కువ ఆక్సిజన్‌లో ఉంచితే మనిషి వీర్యకణాలు కదలిక కోల్పోతాయని, బూడిద తోడే కాటలేజ్ ఎంజైము కలిపితే నిలుస్తాయని జాన్ మెక్లియాడ్ 1943లోనే చూపారు.

మంగళగిరి_పరిశోధక

మాస్టారూ, ఒక్క చిన్న సవరణ. తోక మొత్తానికీ మైటోకాండ్రియా ఒక్కటే శక్తినివ్వదు. తోక పొడవునా గ్లూకోజును నేరుగా విరిచే ఎంజైములు కూడా ఉంటాయి. ఎలుకల వీర్యకణాలు వాటి మీద చాలా ఆధారపడతాయి. మనుషుల్లో దేని వాటా ఎంత అన్నది ఇంకా వాదనలోనే ఉంది. కాబట్టి “కదలిక తగ్గింది, అంటే మైటోకాండ్రియా పాడైనట్టే” అని ఒక్క రిపోర్టుతో తేల్చేయడం తొందరపాటు.

కానీ మైటోకాండ్రియా దెబ్బతింటే జరిగేది మాత్రం ప్రమాదకరమైన చక్రం. దానికి సొంత డీఎన్‌ఏ ఉంది, 37 జన్యువులు, చిన్న గుండ్రటి తీగ. కేంద్రకంలోని డీఎన్‌ఏకు ఉన్నట్టు దానికి ప్రొటీన్ల చుట్ట లేదు, పైగా ఎలక్ట్రాన్లు జారిపోయే చోటికి పక్కనే ఉంటుంది. అది పాడైతే మెట్లు ఇంకా సడలుతాయి, ఎలక్ట్రాన్లు ఇంకా కారిపోతాయి. పాడైనది మరింత పాడు చేస్తుంది.

బ్రాడీపేట_మాస్టారు

ఒప్పుకుంటున్నానమ్మా. పాఠం సులువు చేయబోయి అంత మాట వదిలేశాను.

ఆటోనగర్_33

మాస్టారూ, బూడిద మాటతో బాగా అర్థమైంది. మా కొలిమి దగ్గర రోజూ చేసే పని అదే. ఇంకొక భయం ఉంది. రేపు బిడ్డ పుడితే నా పాడైన మైటోకాండ్రియా బిడ్డకు వస్తాయా?

మంగళగిరి_పరిశోధక

రావు. బిడ్డకు మైటోకాండ్రియా తల్లి అండం నుంచే వస్తాయి. తండ్రి వీర్యకణంతో లోపలికి వెళ్లినవాటికి యుబిక్విటిన్ అనే గుర్తు పడుతుంది, అండం వాటిని ముక్కలు చేసి తీసేస్తుంది. ఆ బెంగ పెట్టుకోకండి.

పట్టించుకోవలసింది తలలోని డీఎన్‌ఏ గురించి. మీ రిపోర్టులో 38 శాతం అన్నది దాని సంగతే. చాలా చోట్ల 30 శాతం దాటితే ఎక్కువ అంటారు. వీర్యకణం తన డీఎన్‌ఏను తాను బాగు చేసుకోలేదు. లోపలికి వెళ్లాక అండం కొంతవరకు అతుకులు వేస్తుంది. తల్లి వయసు పెరిగే కొద్దీ ఆ శక్తి తగ్గుతుంది.

సూర్యారావుపేట_ల్యాబ్

పదహారేళ్లుగా ఈ పరీక్షలు చేస్తున్నాను. రిపోర్టు చదవడానికి ముందు శాంపిలు కథ వినాలి. అంతకుముందు వీర్యం పోయిన రోజు నుంచి ఎన్ని రోజుల ఎడంతో ఇచ్చారు? ఇంట్లో తీసి తెచ్చారా, ల్యాబులోనే ఇచ్చారా? అంతకుముందు మూడు నెలల్లో జ్వరం వచ్చిందా? సిగరెట్, ఖైనీ, గుట్కా అలవాటుందా? రిపోర్టులో తెల్లకణాలు ఎన్ని అని రాశారు?

ఆటోనగర్_33

ఎడం తొమ్మిది రోజులు. సరుకు డెలివరీ ఉండి ఊరు దాటి వెళ్లాను. ఇంట్లోనే తీసి పాయకాపురం నుంచి బండి మీద తెచ్చాను. రైల్వే గేటు, తర్వాత ట్రాఫిక్, గంటకు పైనే పట్టింది. డబ్బా బండి డిక్కీలో పెట్టాను. మార్చిలో విషజ్వరం, నాలుగు రోజులు 103 డిగ్రీలు. పరీక్ష ఏప్రిల్ మూడో వారం. సిగరెట్లు రోజుకు ఎనిమిది, పది. తెల్లకణాల దగ్గర ఏమీ రాయలేదు. ఇవేవీ నన్ను ఎవరూ అడగలేదు.

సూర్యారావుపేట_ల్యాబ్

అడిగి ఉండవలసింది. నాకు కోపం వస్తోంది, మీ మీద కాదు.

ఎడం 2 నుంచి 7 రోజుల లోపు ఉండాలి. ఎక్కువ రోజులు నిలవ ఉన్న కణాలు బయటికి రాకముందే వృషణం వెనుక గొట్టంలో ఆ బూడిదలో నానుతుంటాయి, సంఖ్య పెరిగినా కదలిక తగ్గుతుంది, డీఎన్‌ఏ తునకలు పెరుగుతాయి. శాంపిలు వీలైతే అరగంటలో, ఎట్టి పరిస్థితిలోనూ గంట లోపల మా చేతికి రావాలి. ఒంటి వేడికి దగ్గరగా చొక్కా లోపల పెట్టుకుని తేవాలి. ఏప్రిల్ ఎండలో డిక్కీ అంటే పొయ్యి మీద పెట్టినట్టే.

జ్వరం సంగతి మరీ ముఖ్యం. వీర్యకణం తయారు కావడానికి సుమారు 74 రోజులు, గొట్టంలో పండడానికి మరో పది, పదిహేను రోజులు. ఏప్రిల్‌లో మీరిచ్చిన శాంపిలులోని కణాలు మార్చి జ్వరంలో పెరిగినవి. ఆ రిపోర్టు సగం మీ జ్వరానిదే అయి ఉండవచ్చు.

హద్దుల గురించి కూడా చెబుతాను. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన వీర్య పరీక్షల పుస్తకం ఆరో ముద్రణ ప్రకారం కింది హద్దులు: మిల్లీలీటరుకు 1.6 కోట్లు, ముందుకు సాగేవి 30 శాతం, మొత్తం కదిలేవి 42, ఆకారం 4. ఇవి ఏడాది లోపల తండ్రులైనవారి లెక్కల్లో అట్టడుగు 5 శాతం దగ్గర గీసిన గీతలు. దీని కింద ఉంటే పిల్లలు పుట్టరనీ కాదు, పైన ఉంటే పుడతారనీ కాదు. ఒక్క రిపోర్టుతో ఎవరినీ జడ్జి చేయకూడదు. జూన్ చివర మళ్లీ ఇవ్వండి, ల్యాబులోనే ఇవ్వండి. తెల్లకణాలు రాయమని అడగండి. మిల్లీలీటరుకు పది లక్షలు దాటితే ఎక్కడో వాపు ఉన్నట్టు. క్రిములను చంపడానికి ఆ కణాలే ఆక్సీకరణ పదార్థాలను గుమ్మరిస్తాయి.

మిర్చియార్డు_గుమాస్తా

మా యార్డులో పిల్లలు లేనివాడు కనిపిస్తే చాలు, “కారం తగ్గించరా, ఒంట్లో వేడి” అంటారు. గుంటూరు వాళ్లమంతా ఆ లెక్కన ఎప్పుడో అంతరించిపోవాలి కదా?

బ్రాడీపేట_మాస్టారు

కారం నాలుక మీది నరాలకు వేడి అనిపిస్తుంది, అంతే. వృషణాల దగ్గర థర్మామీటరు పెడితే చుక్క పెరగదు. గోంగూర పచ్చడి నిశ్చింతగా తినమనండి.

నిజమైన వేడి వేరే. వృషణాలు ఒంటి కంటే 2 నుంచి 4 డిగ్రీలు చల్లగా ఉండాలి కాబట్టే బయట వేలాడుతున్నాయి. కొలిమి ముందు పది గంటలు నిలబడినా, ఇంజను మీద కూర్చుని లారీ తోలినా, ఒళ్లో ల్యాప్‌టాప్ పెట్టుకున్నా ఆ తేడా పోతుంది. వేడెక్కితే ఎలక్ట్రాన్లు ఎక్కువ జారతాయి, కాపాడే ఎంజైములు తగ్గుతాయి.

మిర్చియార్డు_గుమాస్తా

గోంగూర మాట మా ఆవిడకు చదివి వినిపించాను, చాలా సంతోషించింది. కానీ ఒక సంగతి అడగాలి. మా బావమరిది పత్తికి, మిరపకు మందు కొడతాడు. మాస్కు లేదు, చేతి తొడుగు లేదు, తడిసిన లుంగీతోనే సాయంత్రం వరకు. పెళ్లయి అయిదేళ్లు. దానికీ దీనికీ సంబంధం ఉందా?

మంగళగిరి_పరిశోధక

ఉండవచ్చు. పురుగుమందుల్లో చాలా వాటికి, ముఖ్యంగా ఆర్గానోఫాస్ఫేట్లకు, కణాల్లో ఆక్సీకరణ ఒత్తిడి పెంచే గుణం ఉంది. ఆయన విషయంలో అదే కారణమని ఇక్కడ కూర్చుని చెప్పలేను. కానీ తడిసిన లుంగీ వెంటనే మార్చడం, ఒళ్లు కడుక్కోవడం, తొడుగులు వేసుకోవడం ఈ రోజే మొదలుపెట్టవచ్చు. పరీక్ష కూడా చేయించండి.

మునగాకు_మూర్తి

ఇంతమంది చదువుకున్నవారు ఇన్ని మాటలు చెప్పారు, అసలు సంగతి వదిలేశారు. అశ్వగంధ చూర్ణం పాలలో, మునగాకు, నల్ల నువ్వుల ఉండ. నలభై రోజులు చాలు. ప్రకృతి ఇచ్చినది కాబట్టి హాని అనే మాటే లేదు.

పట్నంబజారు_ఫార్మసీ

మూర్తి గారూ, మునగాకు, నువ్వులు తినమనండి, నేనూ తింటాను. అశ్వగంధ మీద కొన్ని చిన్న ప్రయోగాల్లో మంచి ఫలితాలు వచ్చాయి, అది కూడా కాదనను. “హాని అనే మాటే లేదు” అన్నది మాత్రం ఒప్పుకోను. అశ్వగంధ వాడి కాలేయం దెబ్బతిన్నవారి కేసులు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. గన్నేరు కూడా ప్రకృతి ఇచ్చినదే.

ఇప్పుడు పొట్లాల గురించి. నేను వాటిని అమ్మేవాడిని, అందుకే దాచకుండా చెబుతాను. లోపల ఉండేవి విటమిన్ సి, ఇ, జింకు, సెలీనియం, ఫోలిక్ ఆమ్లం, కార్నిటిన్, లైకోపీన్, కో ఎంజైమ్ క్యూ10. ఇవన్నీ కాగితం మీద సరైనవే. క్యూ10 మాస్టారు చెప్పిన మెట్ల మధ్య ఎలక్ట్రాన్లు మోసేదే. కానీ మనుషుల మీద పెట్టి చూస్తే ఏమైంది?

అమెరికాలో 2,370 జంటల మీద జింకు, ఫోలిక్ ఆమ్లం ఆరు నెలలు ఇచ్చి చూశారు. 2020లో ఫలితం వచ్చింది. బిడ్డలు పుట్టడంలో తేడా లేదు, వీర్యంలో మెరుగు లేదు, పైగా మందు తీసుకున్నవారిలో డీఎన్‌ఏ తునకలు కాస్త ఎక్కువ కనిపించాయి. అదే ఏడాది మరో ప్రయోగం, 171 మంది మగవాళ్లు, దాదాపు మన పొట్లంలో ఉండే దినుసులే. మూడు నెలల తర్వాత కదలికలోనూ, డీఎన్‌ఏలోనూ చెప్పుకోదగ్గ మెరుగు లేదు. చిన్న ప్రయోగాలు చాలా కలిపి చూసిన సమీక్షలు “ఉపయోగపడవచ్చు” అంటాయి, ఆధారం బలహీనం అని పక్కనే రాస్తాయి. కాబట్టి తీసుకోవద్దని అనను. అప్పు చేసి తీసుకోకండి, వాటి మీదే ఆశ పెట్టుకుని కారణం వెతకడం మానకండి.

పటమట_బావ

నాకు పనిచేసింది కదండీ! నా పాప అబద్ధమా?

పట్నంబజారు_ఫార్మసీ

పాప చల్లగా ఉండాలి. ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి. ఆ మూడు నెలల్లో ఇంకేమైనా మార్చారా?

పటమట_బావ

సిగరెట్లు పూర్తిగా మానేశాను. డాక్టరు గట్టిగా చెప్పారు. రాత్రి డ్యూటీ కూడా మార్పించుకున్నాను. పన్నెండు కిలోలు తగ్గాను. సరే, మీరు అడిగింది అర్థమైంది. పొట్లాలదే ఘనత అని ఇకపై చెప్పను. పనికిరాలేదని కూడా చెప్పను.

ఆటోనగర్_33

హాని లేనప్పుడు రెట్టింపు మోతాదు వేసుకుంటే త్వరగా బూడిద పోదా అని నిన్న అనుకున్నాను. ఆగాను.

బ్రాడీపేట_మాస్టారు

ఆగి మంచి పని చేశారు. ఆ బూడిద మొత్తం పోకూడదు నాయనా. వీర్యకణం అండాన్ని చేరే ముందు తోకను గట్టిగా కొరడాలా ఝళిపించాలి, తల మీది సంచీ తెరుచుకోవాలి. ఆ పనులకు సంకేతం ఇచ్చేది ఆ చురుకైన ఆక్సిజన్ అణువులే, కొద్ది పాళ్లలో. పూర్తిగా ఊడ్చేస్తే ఆ సంకేతం అందదు. కూరలో ఉప్పు లాంటిది.

బెంజిసర్కిల్_జిమ్

మా కోచ్ టెస్టోస్టిరాన్ ఇంజక్షన్ వేసుకుంటే మగతనం, కౌంటు రెండూ పెరుగుతాయన్నాడు. పెళ్లి నవంబరులో. వేసుకోవచ్చా?

పట్నంబజారు_ఫార్మసీ

వద్దు. వద్దు. బయటి నుంచి టెస్టోస్టిరాన్ ఎక్కితే మెదడు “ఇక చాలు” అనుకుని వృషణాలకు పంపే హార్మోన్లు ఆపేస్తుంది. వీర్యకణాల తయారీ పడిపోతుంది, కొందరిలో సున్నా అవుతుంది. మానేశాక తిరిగి రావడానికి నెలలు పడుతుంది, ఒక్కోసారి ఏడాది దాటుతుంది. ఇప్పటికే వేసుకుని ఉంటే దాచకుండా డాక్టరుకు చెప్పండి.

సీతానగరం_పద్మ

ఇక్కడ అందరూ మగవాళ్లే రాస్తున్నారు, నేనూ రాస్తాను.

మాకు ఆరేళ్లు పిల్లలు లేరు. ఆ ఆరేళ్లలో నేను తొక్కని ఆసుపత్రి మెట్టు లేదు, కనకదుర్గమ్మ కొండకు నడిచి ఎక్కని శుక్రవారం లేదు. మా అత్తగారు ఒక సీమంతానికి నన్ను పిలవవద్దని చెప్పించారు. ఆ రోజు వంటింట్లో కూర్చుని ఏడ్చిన ఏడుపు ఇప్పటికీ గుర్తుంది. ఆరో ఏట ఒక పెద్దావిడ డాక్టరు గారు మా ఆయన్ను, “మీరు ఎప్పుడైనా పరీక్ష చేయించుకున్నారా?” అని అడిగారు. రిపోర్టు మీదిలాగే వచ్చింది. మందులు రాయలేదు. మగవాళ్ల డాక్టరు దగ్గరికి పంపారు. ఆయన మా వారిని నిలబెట్టి, గట్టిగా ముక్కమని, చేత్తో పరీక్షించి చూశారు. ఎడమ పక్క వేరికోసీల్. సిరలు ఉబ్బి వేడి రక్తం నిలిచిపోతోంది. అప్పటి వరకు ముగ్గురు డాక్టర్లు రిపోర్టు చూశారే కానీ మనిషిని చూడలేదు.

పిల్లలు లేని జంటల్లో దాదాపు సగంలో మగవారి వైపు కూడా కారణం ఉంటుంది. తమ్ముడూ, నిన్ను డాక్టరు గారు నిలబెట్టి చూశారా?

ఆటోనగర్_33

లేదక్కా. బల్లకు అవతల నుంచే రాశారు.

తెనాలి_రైల్వే

పద్మ గారు చెప్పినది నిజం. ఇంకో పక్క కూడా చెప్పాలి. నాకూ వేరికోసీల్ ఆపరేషన్ అయింది. ఆరు నెలలకు కదలిక 16 నుంచి 29కి వచ్చింది, సహజంగా గర్భం మాత్రం నిలవలేదు. చివరికి ఐవీఎఫ్‌తోనే బాబు పుట్టాడు. ఆపరేషన్ అనగానే పండగ అనుకోకండి.

సూర్యారావుపేట_ల్యాబ్

రెండు మాటలూ సరైనవే. మగవాళ్లలో సుమారు 15 శాతం మందికి వేరికోసీల్ ఉంటుంది, వాళ్లలో చాలామంది హాయిగా తండ్రులవుతారు. సంతానలేమితో వచ్చే మగవాళ్లలో 35 నుంచి 40 శాతం మందికి కనిపిస్తుంది. చేతికి తగిలేది అయి, రిపోర్టు కూడా బాగా లేకపోతేనే ఆపరేషన్ ఆలోచిస్తారు. స్కానులో మాత్రమే సన్నగా కనిపించినదానికి కోయించుకోవలసిన పని లేదు.

మునగాకు_మూర్తి

గన్నేరు మాట గుచ్చుకుంది కానీ ఆలోచింపజేసింది. నా దగ్గర చూర్ణం తీసుకెళ్లేవాళ్లను ఇకపై ముందు పరీక్ష చేయించుకు రమ్మంటాను.

పట్నంబజారు_ఫార్మసీ

మూర్తి గారూ, మీ చేయి ఇలా ఇవ్వండి. గుంటూరు వస్తే టీ నాది.

(ఏడు వారాల తర్వాత)

ఆటోనగర్_33

అందరికీ చెప్పాలని వచ్చాను. వేరే డాక్టరు దగ్గరికి వెళ్లాను. నిలబెట్టి చూశారు. ఎడమ వైపు రెండో గ్రేడు వేరికోసీల్, చేతికి తెలుస్తోందన్నారు. నాకు సిగ్గుతో చెమటలు పట్టాయి, కానీ రెండు నిమిషాల్లో తేలిపోయింది. నాలుగేళ్లు, రెండు నిమిషాలు. ఆ లెక్క మనసులోంచి పోవడం లేదు.

నిన్న మళ్లీ పరీక్ష ఇచ్చాను, ల్యాబులోనే, నాలుగు రోజుల ఎడంతో. ముందుకు సాగేవి 23 శాతం, మొత్తం 37. తెల్లకణాలు హద్దులోనే. డీఎన్‌ఏ పరీక్ష ఇప్పుడే వద్దన్నారు. సిగరెట్ మానేసి నలభై ఒక్క రోజులు. షెడ్డు యజమానికి ఉన్న మాట చెప్పాను. ఆయన ఏమీ అడగకుండా నన్ను కొలిమి దగ్గర నుంచి బిగింపు పనికి మార్చారు. జీతం తగ్గించలేదు. పొట్లాలు ఆ నెలతో ఆపేశాను.

ఆపరేషన్ ఇప్పుడే తేల్చరట. జ్వరం ప్రభావం, కొలిమి, పొగ, ఇవన్నీ పోయిన కణాలు తయారై రావాలి కదా, ఆగస్టులో మళ్లీ చూసి చెబుతామన్నారు. అమ్మకు మొన్న చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత లేచి వెళ్లి నా భార్య పక్కన కూర్చుంది.

సీతానగరం_పద్మ

ఆ చివరి మాట చదివి కళ్లు తుడుచుకున్నాను తమ్ముడూ.

బ్రాడీపేట_మాస్టారు

మీ యజమానికి నా నమస్కారం చెప్పండి.

పటమట_బావ

నలభై ఒకటి దాటితే దారి సులువు. టీ తాగాక లాగుతుంది, అప్పుడు నాలుగు పల్లీలు నోట్లో వేసుకోండి. నేను అలాగే గెలిచాను.

ఆటోనగర్_33

ఇది ఆయన ఖాతా, రాస్తున్నది ఆయన భార్యను. మీరు రాసినవన్నీ రాత్రి ఇద్దరం కలిసి చదివాం. ఒక సందేహం ఆయన అడగలేకపోతున్నారు, నేనే అడుగుతున్నాను. ఆగస్టు వరకు మేం ఆగాలా? మంచి కణాలు కూడబెట్టుకోవాలి, దూరంగా ఉండండి అని మా పెద్దమ్మ అంటోంది. నాకు 29 ఏళ్లు.

సూర్యారావుపేట_ల్యాబ్

ఆగనక్కరలేదు చెల్లీ. కూడబెడితే పెరిగేది పాత కణాలే, పైన చెప్పినట్టు అవి గొట్టంలోనే పాడవుతాయి. అండం విడుదలయ్యే రోజుల్లో రోజూ గానీ, రోజు విడిచి రోజు గానీ కలవండి. పరీక్షకు మాత్రం మూడు, నాలుగు రోజుల ఎడం ఉంచండి, క్రితంసారి ఎన్ని రోజులు ఉంచారో ఈసారీ అన్నే, అప్పుడే రెండు రిపోర్టులూ పోల్చడానికి వీలవుతుంది.

ఆటోనగర్_33

నాలుగు రోజులు. రాసిపెట్టుకున్నాను. ఆగస్టు రెండో వారం, ల్యాబుకు నేనూ ఆయనతో వెళ్తాను.